పొగ పక్కన ఏ చెట్టు?

గత నెల ఈ శీర్షికలో కుండీ గులాబీల గురించి రాస్తూ, ఫ్యాక్టరీల పక్కన బతికే చెట్ల గురించి కూడా అడగొచ్చని చివర ఒక్క ముక్క అన్నాను. గులాబీల ఉత్తరాలు ఆగిపోయి ఇవే వస్తున్నాయి. నేను పెద్ద చదువులు చదివిన మనిషిని కాను. గాజువాక వైపు ఒక కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు తోటల విభాగంలో సూపర్‌వైజరుగా పనిచేశాను. మాలీలు నన్ను మొక్కలమ్మ అనేవాళ్లు. చూసింది, చేసింది, చేసి తప్పని తెలుసుకున్నది రాస్తాను.

ప్రశ్న: సిమెంటు ఫ్యాక్టరీలో ఎన్విరాన్‌మెంట్ ఇంజినీరుగా చేరి ఎనిమిది నెలలైంది. హెక్టారుకు 2,500 చెట్ల లెక్కన ఫ్యాక్టరీ చుట్టూ గ్రీన్‌బెల్టు, అంటే చెట్ల పట్టీ, పెంచాలని మా అనుమతి పత్రంలో ఉంది. కన్సల్టెంట్ ఇచ్చిన రిపోర్టులో అరవై రకాలున్నాయి, ఒక్కోదాని పక్కన ఏపీటీఐ (గాలి కాలుష్యాన్ని చెట్టు ఎంత తట్టుకుంటుందో చెప్పే సూచిక) అంకె ఉంది. పెద్ద అంకెలున్న పది రకాలు తీసుకోమంటున్నారు మా బాస్. వానలు పడగానే నాటాలి. టెన్షన్‌గా ఉంది. ఏవి నాటమంటారు?
*– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా*

బాబూ, ముందు ఆ రిపోర్టు మూసి పక్కన పెట్టండి. ఒక ఆదివారం పొద్దున్నే మీ క్రషర్ నుంచి గాలివాటున ఒక కిలోమీటరు నడవండి. చేను గట్ల మీద, బడి ఆవరణలో, పోలేరమ్మ గుడి దగ్గర ఎవరూ నీళ్లు పోయని చెట్లు ఉంటాయి. వాటిలో ఏది పైకొమ్మ దాకా ఆకుతో ఉందో, ఏది చివర్ల నుంచి ఎండుకొస్తోందో రాసుకోండి. మీ ఫ్యాక్టరీ రాకముందు పుట్టి, ఇన్నేళ్లు ఆ బూడిదరంగు దుమ్ము మోసి, ఇప్పటికీ కాయ కాస్తున్న చెట్టు కనబడితే దాని పేరుకి రెండు గీతలు కొట్టండి. మీ నేలలో, మీ ఎండలో, మీ దుమ్ములో పరీక్ష రాసి పాసైన చెట్టు అది. రిపోర్టులో అరవై రకాలూ అలా పాసైనవి కావు.

ఏపీటీఐని వెక్కిరించడం లేదు. 1983లో సింగ్, రావు అనే ఇద్దరు ఇచ్చిన లెక్క అది. ఆకులో ఎంత విటమిన్ సి ఉంది, ఎంత పచ్చదనం (క్లోరోఫిల్) ఉంది, ఆకు రసం ఎంత పుల్లగా ఉంది (దాని పీహెచ్), ఆకు ఎంత నీరు పట్టి ఉంది అనే నాలుగూ కలిపి ఒక అంకె చేస్తారు. పచ్చదనానికి పీహెచ్ కలిపి, విటమిన్ సి తో గుణించి, దానికి నీటి శాతం చేర్చి, పదితో భాగిస్తారు. ఒక ఆకులో విటమిన్ సి గ్రాముకి 4 మిల్లీగ్రాములు, పచ్చదనం 1.5, పీహెచ్ 6.5, నీరు 80 శాతం అనుకుందాం. లెక్క కట్టండి, 11.2 వస్తుంది. అందులో 8 ఒక్క నీటిదే! ముందు రోజు సాయంత్రం పాదు నిండా నీళ్లు పెట్టిన చెట్టు ఆకు కోస్తే అంకె పెరుగుతుంది, మే నెల మధ్యాహ్నం ఎండు గట్టు మీది ఆకు కోస్తే తగ్గుతుంది. ఒకే చెట్టుకి వానాకాలం ఒక అంకె, వేసవిలో ఇంకో అంకె. కాబట్టి 11.2 కంటే 11.9 గొప్పదని చెట్లని వరుసలో నిలబెట్టకండి. మరీ కింద ఉన్నవాటిని పక్కన పెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే. మీ కన్సల్టెంట్ ఆకులు ఏ నెలలో, ఎక్కడి నుంచి కోశారో అడగండి. వేరే జిల్లా రిపోర్టులోంచి అంకెలు దించేశారేమో కూడా తేలుతుంది.

దుమ్ము సంగతికొద్దాం. చెట్టు దుమ్ము తింటుంది అంటారుగానీ, తినదు. కళ్లంలో తూర్పారబట్టడం చూశారా? గాలి ఉన్నంతసేపు పొట్టు ఎగురుతుంది, గాలి మందగించిన చోట రాలుతుంది. చెట్ల వరుస చేసే మొదటి పని గాలిని మందగింపజేయడం. ఆ తర్వాత ఆకులు కొంత దుమ్ముని పట్టి ఉంచుతాయి, వాన దాన్ని కడిగి కింద పోస్తుంది, ఆకు మళ్లీ ఖాళీ. అందుకే బెల్టు గోడలా ఉండకూడదు, దడిలా ఉండాలి. గోడకి కొట్టుకున్న గాలి ఎగిరి అవతల ఊళ్లో పడుతుంది. దడిలో దూరిన గాలి నెమ్మదిస్తుంది.

మీ కష్టం ఏంటంటే సిమెంటు దుమ్ము మామూలు మట్టి దుమ్ము కాదు. మంచు పడిన రాత్రి ఆకు మీద తడిసి, పొద్దున ఎండకి పెచ్చు కడుతుంది. తర్వాత చిన్న జల్లు పడినా ఊడదు. నేల మీద పడిందేమో ఏటేటా నేల క్షారాన్ని పెంచుతుంది. మీ నాపరాయి, సున్నపురాయి నేలలో అది అసలే ఎక్కువ. అలాంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకి అందదు, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపెక్కుతుంది. అది పొగ దెబ్బ అనుకుని చాలామంది మందులు కొడతారు.

నన్నడిగితే మీ దగ్గర వెన్నెముక రెండు చెట్లు: వేప, కానుగ. రెండూ సున్నం నేలలో బతుకుతాయి, పల్నాడు ఎండకి జంకవు. కానుగ ఆకు నున్నగా ఉంటుంది, అది తక్కువ దుమ్ము పడుతుందని కొట్టేయకండి. గుబురుగా, కింద నుంచే కొమ్మలేస్తుంది కాబట్టి మనిషి ఎత్తులో ఎగిరే దుమ్ముకి అడ్డం పడుతుంది, నున్నన కాబట్టి వానకి త్వరగా కడుక్కుంటుంది. వీటితో దిరిసెన, సీమతంగేడు కలపండి. ముందు వరుసలో, అంటే దుమ్ము వచ్చే వైపు, గన్నేరు వేయండి. గన్నేరు ఆకు అడుగున ఊపిరి తీసుకునే రంధ్రాలు చిన్న చిన్న గుంటల్లో, నూగు మధ్య దాక్కుని ఉంటాయి. దుమ్ములో నెగ్గుకురావడానికి పుట్టిందా అన్నట్టుంటుంది. పశువులు ముట్టవు కూడా. కాకపోతే అది నిలువెల్లా విషం. కత్తిరించిన కొమ్మలు గడ్డిమోపులో కలిసి ఎవరి గేదె నోట్లోకైనా పోతే మీ ఉద్యోగం కంటే పెద్ద గొడవ అవుతుంది. కత్తిరించిన వెంటనే పాతిపెట్టించండి.

టేకు వద్దు. ఆకు పెద్దది, గరుకు, దుమ్ము బాగా పడుతుంది, నిజమే. కానీ దుమ్ము ఎక్కువ లేచే ఎండాకాలంలోనే అది మోడై నిలబడుతుంది. చెట్టు ఎంచేటప్పుడు అది ఏ నెలలో ఆకు రాలుస్తుందో చూడాలి. వేప, రావి కూడా రాలుస్తాయి, అయితే కొద్ది వారాల్లోనే కొత్త చిగురేస్తాయి. అన్ని రకాలూ ఒకేసారి బోసిపోకుండా కలిపి నాటడమే ఇందులో కిటుకు. జామాయిలు కూడా వద్దు. వేలాడే ఆకు, మైనం పూసినట్టుంటుంది, దుమ్ము నిలవదు.

ఇక ఆ 2,500. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు, అంటే చెట్టుకి నాలుగు, అంటే రెండు మీటర్లకొకటి. మర్రి, రావి పక్కన రెండు మీటర్లలో ఇంకో చెట్టు ఎక్కడ పడుతుంది? అంకె నింపాలనే తొందరలోనే అందరూ సన్నగా, నిటారుగా పెరిగే వాటి మీద పడతారు. మేమూ పడ్డాం. తొంభైల్లో మా ముడిసరుకు యార్డు పక్కన నరమామిడి రెండు వరుసలు, సైనికుల్లా నాటించారు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉండేవి. దుమ్ము వాటి మధ్యలోంచి హాయిగా నడిచిపోయేది. ఇన్‌స్పెక్షన్ ఉందంటే ముందు రాత్రి ట్యాంకర్ తెచ్చి గొట్టంతో ఆకులు కడిగేవాళ్లం. నేనే దగ్గరుండి కడిగించాను. పొద్దున వచ్చినవాళ్లు పచ్చదనం చూసి మెచ్చుకుని టీ తాగి వెళ్లేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది.

మీరు చేయదగింది ఇది. పొదలు, చిన్న చెట్లు, పెద్ద చెట్లు మూడు అంతస్తులుగా వేయండి, వరుస తప్పించి ముక్కోణంలో నాటండి. దగ్గరగా నాటినా నాలుగైదేళ్ల తర్వాత కొన్నిటిని పలచన చేసే ఏర్పాటు ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టించుకోండి, లేకపోతే అప్పుడు ఒక్క కొమ్మ కొట్టడానికీ మీకు ధైర్యం చాలదు. మర్రి, రావి, జువ్వి లాంటివి బెల్టు మధ్యలో కాకుండా మూలల్లో, చోటున్న దగ్గర విడిగా పెట్టండి. 2000 మార్చిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గ్రీన్‌బెల్టుల మీద ఒక పుస్తకం వేసింది. అందులో వాతావరణ మండలాల వారీగా చెట్ల జాబితాలున్నాయి. మీ ఆదివారం జాబితాని దానితో సరిచూసుకోండి. రెండింట్లోనూ ఉన్న పేర్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

గుంత మాత్రం ఘనమీటరు తీయించండి. కాంట్రాక్టరు అడుగున్నర తీసి మీటరని రాస్తాడు. కర్ర పట్టుకుని మీరే దించి చూడండి. తవ్విన సున్నపు మట్టి మళ్లీ వేయకుండా ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. మొక్క మీ భుజం ఎత్తుది కావాలి. మూడు వేసవులు నీళ్లకి డబ్బు ఉందా లేదా అన్నది నాటకముందే తేల్చుకోండి. లేకపోతే సగమే నాటండి.

ఒకటి మీ బాస్‌కి కూడా చెప్పండి: చిమ్నీ పొగకి చెట్టు అడ్డు కాదు. అది తలల మీదుగా పోతుంది. దానికి పనిచేయాల్సింది పొగలోని దుమ్ముని గుడ్డ సంచుల్లో పట్టే మీ బ్యాగ్ ఫిల్టర్. చెట్లు క్రషర్ దుమ్ముకి, లారీల రోడ్డుకి, లోడింగ్ దగ్గర లేచే దుమ్ముకి.

ప్రశ్న: మా ఇల్లు క్వారీ రోడ్డు పక్కన. మునగాకు, కరివేపాకు మీద తెల్లగా దుమ్ము. కడిగి వండుకోవచ్చా? ఫ్యాక్టరీ వాళ్లు కంచె వెంట జామ, నేరేడు నాటుతున్నారు, పిల్లలు కోసుకోవచ్చా?
*– ఒక గృహిణి, సూర్యాపేట జిల్లా*

ఉత్త రాతి దుమ్మయితే రెండు మూడు నీళ్లలో బాగా జాడించి వండుకోండమ్మా, ఫరవాలేదు. మునగాకు నున్నన, తేలిగ్గానే వదులుతుంది. గోంగూర, మెంతి లాంటివి నేలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి ఎక్కువ పడుతుంది, వీలైతే ఇంటి వెనక వైపు వేసుకోండి. కానీ అది లోహాలు కరిగించే ఫ్యాక్టరీ, బ్యాటరీల ఫ్యాక్టరీ లాంటిదైతే నా జవాబు వేరు. సీసం లాంటివి మట్టిలో చేరి వేరు గుండా కూడా వస్తాయి, కడిగితే పోయేవి కావు. అక్కడ ఆకుకూరలే వద్దు.

కంచె వెంట పండ్ల చెట్లు నాటడం నాకు నచ్చదు. మంచి మనసుతోనే నాటుతారు, కానీ పండు ఉన్నచోటికి పిల్లలు వస్తారు, దుమ్ము ఎక్కువ పడే చోటుకే పిల్లల్ని పిలిచినట్టవుతుంది. పిట్టల కోసమైతే మేడి, మర్రి పండ్లు చాలు.

ప్రశ్న: మా వీధిలో ఏడాకుల పాల చెట్లు. దసరా దాటాక రాత్రుళ్లు ఆ పూల వాసనకి తలనొప్పి, మా అత్తగారికి ఆయాసం. కొట్టించేయాలంటే కొందరు కాలుష్యానికి మంచి చెట్టంటున్నారు. ఏది నిజం?
*– ఒక పాఠకురాలు, విశాఖపట్నం*

రెండూ నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరిని బోడి చేసి వెళ్లాక అందరికీ త్వరగా పచ్చదనం కావాలనిపించింది. ఏడాకుల పాల త్వరగా పెరుగుతుంది, పశువులు తినవు, అంతస్తులంతస్తులుగా ఆకు వేస్తుంది, పొగని తట్టుకుంటుంది. దాంతో ఊరంతా అదే నాటారు. పది చెట్లకి ఒకటి ఉంటే ఆ వాసన సువాసనే. వీధి పొడుగునా అదే ఉంటే మీ అత్తగారి గతే. తప్పు చెట్టుది కాదు, లెక్కది. శాంతినికేతన్‌లో స్నాతకోత్సవంలో పట్టా పుచ్చుకునేవాళ్లకి ఆనవాయితీగా ఇస్తూ వచ్చింది ఈ చెట్టు ఆకులే, పూర్వం దీని చెక్కతో రాసుకునే పలకలు చేసేవాళ్లు. అంత మర్యాద గల చెట్టుని మనం గుంపుగా నాటి శత్రువుని చేసుకున్నాం.

మొదలంటా కొట్టనక్కర్లేదు, అలా కొట్టడానికి అనుమతి కూడా కావాలి. ఈ చెట్టుకి పూలు కొమ్మ చివర్లలో వస్తాయి. వానాకాలం చివర్లో, పూమొగ్గ కనబడకముందే, కొమ్మ చివర్లు కత్తిరిస్తే ఆ ఏడాది పూత బాగా తగ్గుతుంది. వార్డు సచివాలయంలో వీధివాళ్లంతా కలిసి అర్జీ పెట్టండి, ఒక్కరు పెడితే పక్కకి పోతుంది. ఖాళీ అయిన చోటల్లా గంగరావి, పొన్న, కానుగ నాటించండి. సముద్రపు గాలికి మొదటి రెండూ చక్కగా నిలుస్తాయి. అత్తగారి ఆయాసానికి మాత్రం చెట్టు మీద నెపం పెట్టి ఆగకండి, డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: మా కాలనీ పక్కన పారిశ్రామిక వాడలో కోనోకార్పస్ తప్ప ఇంకేం కనబడదు. పచ్చగానే ఉందిగా, దాన్నెందుకు తిడతారు?
*– ఒక పాఠకుడు, పటాన్‌చెరు*

పచ్చగా ఉంది, దుమ్ముకి చావదు, నీళ్లు లేకున్నా బతుకుతుంది. అందుకే నాటారు. మన దేశపు చెట్టు కాదు, దాని పుప్పొడితో ఎలర్జీలు వస్తున్నాయనీ, వేళ్లు పైపుల్లో, కేబుళ్లలో దూరుతున్నాయనీ ఫిర్యాదులొచ్చి గుజరాత్ 2023లో దాన్ని నాటడం ఆపేసింది. నా అభ్యంతరం వేరే. మా ఫ్యాక్టరీలో ఒక గేటు దగ్గర అది ఉండేది, ఎన్నేళ్లలోనూ దాని మీద ఒక పిట్టగూడు చూసిన గుర్తు లేదు. ఉన్నదాన్ని ఒక్కసారిగా నరకొద్దు, మధ్యమధ్యలో వేప, కానుగ వేసి అవి తలెత్తాక తీసేయమనండి.

ప్రశ్న: 2020లో విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకు మాకు దగ్గర్లోనే జరిగింది. చుట్టూ సరైన గ్రీన్‌బెల్టు ఉంటే అంతమంది చనిపోయేవాళ్లు కాదని మా ఊళ్లో అంటారు. నిజమేనా?
*– ఒక పాఠకుడు, గోపాలపట్నం*

ఈ ప్రశ్నకి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

మే 7 తెల్లవారుజామున జరిగింది అది, జనం నిద్రలో ఉన్నారు. పన్నెండు మంది పోయారు. ప్లాస్టిక్ తయారీకి వాడే, చల్లగా ఉంచాల్సిన స్టైరీన్ అనే ద్రవం ట్యాంకులో వేడెక్కి ఆవిరై బయటికొచ్చింది. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు, నేలబారుగా పాకుతుంది. ఆ తర్వాత వచ్చిన ఫొటోల్లో చుట్టూ చెట్ల ఆకులు మాడి, రంగు మారి ఉండటం మీరూ చూసే ఉంటారు. చెట్టు ఆ రాత్రి ఎవరినీ కాపాడలేదు, తనని తాను కూడా కాపాడుకోలేకపోయింది. ఏ చెట్టూ కాపాడలేదు. ఆకు గాలిలోంచి విషాన్ని కొంచెం కొంచెంగా తీసుకుంటుంది, రోజులు, నెలలు పట్టే పని అది. నిమిషాల్లో మీదపడే మబ్బుకి అది జవాబు కాదు.

అయితే మీ ఊరివాళ్ల మాటలో ఒక నిజం ఉంది. బెల్టుకి చెట్లతోపాటు వెడల్పు కూడా ఉంటుంది. ట్యాంకుకీ మొదటి ఇంటికీ మధ్య ఎవరూ నిద్రపోని నేల అది. వెడల్పు ఉన్నచోట గ్యాసు పలచబడటానికి చోటు, పరిగెత్తడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి. మన దగ్గర జరిగేదేమో ఫ్యాక్టరీ ఊరవతల పుడుతుంది, ఊరు నడుచుకుంటూ దాని గోడ దాకా వస్తుంది, ఎవరూ ఆపరు. ఇక చెట్లు చాలు, భద్రతకి ఢోకా లేదని ఏ ఫ్యాక్టరీ అయినా మీకు చెబితే నమ్మకండి. సైరన్ ఉందా, ఎప్పుడు మోగించి చూశారు, మోగితే ఏ వైపు వెళ్లాలి, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం ఎక్కడ కట్టారు అని అడగండి.

ప్రశ్న: మా మామిడి తోటకి అర కిలోమీటరులో ఇటుక బట్టీ పెట్టారు. కాయ ముక్కు దగ్గర నల్లబడి గట్టిపడుతోంది. మధ్యలో చెట్లు నాటితే ఆగుతుందా?
*– ఒక రైతు, ఏలూరు జిల్లా*

మీరు చెప్పేది బ్లాక్ టిప్ లక్షణం. ఉత్తరాదిలో బట్టీల పక్క తోటల్లో బాగా ఎరిగిన జబ్బు. బట్టీ పొగలోని గంధకపు వాయువుల వల్ల వస్తుంది. పురుగూ కాదు, తెగులూ కాదు, కాబట్టి పురుగుమందులకి డబ్బు తగలేయకండి. తోటకీ బట్టీకీ కనీసం ఒకటిన్నర కిలోమీటరుకు పైగా దూరం ఉండాలంటారు. మీ అర కిలోమీటరులో కానుగ వరుస వేస్తే కొంత మేలే, కానీ అది గుబురెక్కడానికి అయిదేళ్లు పడుతుంది. ఈ ఏడాది కాయ అయిదేళ్లు ఆగదు కదా.

ఇప్పటికి చేయగలిగింది బోరాక్స్. లీటరు నీటికి ఆరు గ్రాములు కలిపి పూతకి ముందు ఒకసారి, పూతలో ఒకసారి, పిందె కట్టాక ఒకసారి కొట్టండి. నల్ల కాయ ఒకటి కోసి మీ దగ్గర్లోని ఉద్యాన అధికారికి చూపించి, జబ్బు అదేనని ఖాయం చేసుకున్నాకే మొదలుపెట్టండి. చూపించేటప్పుడు కాయతోపాటు బట్టీ ఏ నెల నుంచి ఏ నెల దాకా కాలుతోందో కూడా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పిందె దశలో బట్టీ కాలకుండా ఆపమని తహసీల్దారుకి అర్జీ పెట్టాల్సొస్తే ఆ కాగితమే పనికొస్తుంది.